న్యాయమూర్తి కోకా సుబ్బారావుగారి భిన్నాభిప్రాయములు

భిలాయి నేలపై ఉక్కు కర్మాగారము లేచుచుండిన కాలమది. 1955 ఫిబ్రవరిలో సోవియట్ యూనియనుతో ఒడంబడిక జరిగెను. 1959 ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాదుగారు మొదటి బ్లాస్టు ఫర్నేసును ప్రారంభించిరి. శ్రీకాకుళము, విశాఖపట్టణము జిల్లాల పల్లెలనుండి ఎందరో తెలుగువారు పని వెదకికొనుచు అచటికి తరలిపోయిరి. నేడు రుఆబాంధా మొదలైన భిలాయి వాడలలో తెలుగు మాట వినవచ్చుచున్నదనిన, అట్టి వలసయే అందుకు మూలము. అప్పటికి ఛత్తీస్‌గఢ్ ప్రత్యేక రాష్ట్రము కాలేదు. 2000 నవంబరు 1వ తేదీ వరకును ఆ ప్రాంతమంతయు మధ్యప్రదేశ్‌లో భాగమే.

కర్మాగారపు పునాదులు పడుచుండిన ఆ దినములలోనే, భిలాయికి కొంతదూరమున నున్న ధమ్తరీ అను పట్టణపు తగవొకటి ఢిల్లీలోని సుప్రీంకోర్టు ముంగిటికి పోయెను. ధమ్తరీ పురపాలక సంఘము తన విధులను నిర్వహించుటకు అసమర్థమైనదని రాష్ట్రప్రభుత్వము నిశ్చయించి, ఒక కార్యనిర్వహణాధికారిని నియమించి, సంఘపు అధికారములను ఆయనకు అప్పగించెను. ప్రజలెన్నుకొనిన సంఘమునకు అసమర్థతను అంటగట్టుటకు ముందు, దాని సమాధానమును తగురీతిని వినవలదా అని రాధేశ్యామ్ ఖరే మొదలగువారు ప్రశ్నించిరి. 1958లో తీర్పు వెలువడెను. ప్రభుత్వము చేసినది పరిపాలనకు సంబంధించిన చర్యయే గాని న్యాయవిచారణ వంటిది కాదనియు, కావున న్యాయస్థానములు జోక్యము చేసికొనుటకు వీలులేదనియు అధికసంఖ్యాకులైన న్యాయమూర్తులు నిర్ణయించిరి. ఆ పీఠముపై చేరి యింకను ఏడాది నిండని ఒక తెలుగు న్యాయమూర్తి మాత్రము అందుకు సమ్మతింపలేదు. ఒక సంఘమునకుగాని, ఒక వ్యక్తికిగాని హాని కలిగించు నిర్ణయమును చేయు అధికారము చట్టమువలన సంక్రమించినపుడు, ఎదుటివాని మాట వినవలెనను బాధ్యత ఆ అధికారపు స్వభావమునందే ఇమిడియున్నదని ఆయన వ్రాసిరి. ఆయనయే కోకా సుబ్బారావుగారు.

ధమ్తరీవారు ఆ దినమున ఓడిపోయిరి. కాని పదునొకండేండ్లు గడువకమునుపే, 1969లో క్రైపాక్ వ్యాజ్యమున అదే న్యాయస్థానము పరిపాలనా చర్యకును న్యాయవిచారణ వంటి చర్యకును నడుమ గీచిన గీత నానాటికి చెరిగిపోవుచున్నదని ఒప్పుకొని, పరిపాలకులు కూడ సహజన్యాయ సూత్రములకు కట్టుపడవలసినదే యని నిర్ణయించెను. ఓడిపోయిన అభిప్రాయము ఈ విధముగా గెలిచిన న్యాయమయ్యెను. సుబ్బారావుగారి జీవితమును పరిశీలించువారికి ఈ కథ పలుమారులు పునరావృతమగుట కనిపించును. తీర్పులలో అల్పసంఖ్యాకుల అభిప్రాయము ఎవరిని నిర్బంధింపదు. దానిని అమలు జరుపు అధికారి లేడు. దానివలన వ్యాజ్యము తెచ్చినవానికి ఒక్క దమ్మిడీ ముట్టదు. అయినను దానికి చరిత్రలో ఒక స్థానము కలదు. ఆ స్థానమెట్టిదో తెలిసికొనుటకు ఈ న్యాయమూర్తి చరిత్రము చక్కని ఉదాహరణము.

సుబ్బారావుగారు 1902 జూలై 15వ తేదీన రాజమహేంద్రవరమున జన్మించిరి. తండ్రి న్యాయవాది. చిన్ననాటనే పితృవియోగము సంభవించినను చదువు ఆగలేదు. రాజమహేంద్రవరపు ప్రభుత్వ కళాశాలలో పట్టము పొంది, మదరాసు న్యాయకళాశాలలో ధర్మశాస్త్రము నభ్యసించిరి. అనంతరము పి. వెంకటరమణరావు నాయుడుగారి వద్ద వృత్తిలో చేరిరి. వెంకటరమణరావుగారు పిమ్మట మదరాసు హైకోర్టు న్యాయమూర్తులైరి. ఆయన కుమార్తెను సుబ్బారావుగారు వివాహమాడిరి; కుమారుడు పి.వి. రాజమన్నారుగారు. తెలుగు సాహిత్యలోకమునకు రాజమన్నారుగారిని వేరుగా పరిచయము చేయనక్కరలేదు. ‘తప్పెవరిది’ నాటకకర్తగను, కేంద్ర సంగీత నాటక అకాడమీ ప్రథమాధ్యక్షులుగను, మదరాసు ప్రధాన న్యాయమూర్తిగను ఆయన సుప్రసిద్ధులు. బావమరదులిరువురును కొంతకాలము కలసి న్యాయవాదవృత్తి నడపిరి.

అంతకుముందు సుబ్బారావుగారు బాపట్లలో జిల్లా మునసబుగా స్వల్పకాలము పనిచేసిరి. ఆ ఉద్యోగము కొద్దినెలలదే అయినను దానిని చిన్నదిగా నెంచరాదు. మునసబు కోర్టు న్యాయవ్యవస్థకు తొలిమెట్టు. పొలము గట్టు తగవులు, ప్రామిసరీ నోట్లు, అన్నదమ్ముల పంపకములు, దారి హక్కులు, కాలువనీటి వంతులు — పల్లెటూరి బ్రతుకంతయు అచట కాగితములకెక్కును. సాక్షి తెలుగున పలుకును, తీర్పు ఇంగ్లీషున వెలువడును. తన ఆస్తి ఏమగుచున్నదో తనకు తెలియని భాషలో నిర్ణయింపబడుచుండగా చేతులు కట్టుకొని నిలుచుండు కక్షిదారు అచటి నిత్యదృశ్యము. పై కోర్టులలో కూర్చుండువారికి ఈ మనిషి కాగితములలోని పేరు మాత్రమే. మునసబునకు ఎదుట నిలిచిన ముఖము.

1948లో సుబ్బారావుగారు మదరాసు హైకోర్టు న్యాయమూర్తిగా నియుక్తులైరి. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రము అవతరించెను. రాజధానియు హైకోర్టును సీమాంధ్ర భాగములకు పంచియిచ్చుటకు 1937 నాటి శ్రీబాగు ఒడంబడిక దారి చూపియుండుటచే, రాజధాని కర్నూలునకును, హైకోర్టు గుంటూరునకును లభించెను. 1954 జూలై 5వ తేదీన గుంటూరులో ఆంధ్ర హైకోర్టు నెలకొన్నపుడు ప్రథమ ప్రధాన న్యాయమూర్తి సుబ్బారావుగారే. ఆ యేడే తిరుపతిలో స్థాపితమైన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయమునకు ఆయన కులపతిగా నుండిరి. 1956 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ఏర్పడగా హైకోర్టు హైదరాబాదునకు, మూసీ ఒడ్డున నున్న నిజాముల నాటి భవనమునకు తరలెను. మదరాసు సంప్రదాయమున పెరిగిన న్యాయవాదులును, ఉర్దూ భాషలో వాదప్రతివాదములు నడపిన హైదరాబాదు న్యాయవాదులును ఒకే కప్పుక్రింద చేరిరి. రెండు చట్టసంప్రదాయములను, రెండు ఉద్యోగవర్గములను ఒక న్యాయస్థానముగా కూర్చుట సులభకార్యము కాదు. ఆ బాధ్యతయు తొలి ప్రధాన న్యాయమూర్తి భుజములపైననే పడెను.

1958 జనవరి 31వ తేదీన ఆయన సుప్రీంకోర్టున ప్రవేశించిరి. ఆ యేడాదియే తెలుగుదేశపు బస్సుల తగవు ఆయన ముందునకు వచ్చెను. కృష్ణాజిల్లాలోని బస్సు మార్గములను ప్రైవేటు యజమానులనుండి తప్పించి, క్రొత్తగా ఏర్పడిన రోడ్డు రవాణా సంస్థకు అప్పగించు పథకమును ప్రభుత్వము ప్రకటించెను. గుళ్లపల్లి నాగేశ్వరరావు మొదలగు యజమానులు ఆక్షేపణలు తెలిపిరి. ఆ ఆక్షేపణలను విన్నది శాఖా కార్యదర్శి. నిర్ణయము చేసినది ముఖ్యమంత్రి. ఈసారి సుబ్బారావుగారు అధికసంఖ్యాకుల పక్షమున తీర్పు వ్రాసిరి. వినువాడొకడు, తేల్చువాడొకడు అయినచో విచారణకు అర్థమేమి? సాక్షి ముఖకవళికలు చూచినది ఒకరు. వాదము సబబో కాదో యడిగి తెలిసికొనగలిగినది ఒకరు. కాగితము చూచి సంతకము చేసినది మరియొకరు. ఇట్టిది విచారణ యనిపించుకొనదని ఆయన నిర్ణయించిరి. అంతేకాదు, పథకమును రూపొందించిన శాఖ యొక్క కార్యదర్శియే దానిపై ఆక్షేపణలు వినుట, తన వ్యాజ్యమునకు తానే న్యాయాధిపతి యగుట వంటిదని పేర్కొనిరి. అయితే 1959లో, ముఖ్యమంత్రియే స్వయముగా విచారణ జరిపిన పిమ్మట యజమానులు మరల పక్షపాతమును ఆరోపింపగా, న్యాయస్థానము అంగీకరింపలేదు. జాతీయీకరణమునకు ఆయన అడ్డుపడలేదు. దానిని జరుపు పద్ధతి న్యాయముగా నుండవలెనని మాత్రమే పట్టుపట్టిరి. ఈ భేదమును గమనింపనివారు ఆయనను సంస్కరణల విరోధిగా చిత్రించిరి.

క్రింది కోర్టులలోని విచారణను గూర్చి ఆయన వ్రాసిన తీర్పులలో దేశమంతయు ఎరిగినది నానావతి వ్యాజ్యము. నౌకాదళాధికారియైన నానావతి 1959 ఏప్రిల్ 27వ తేదీన బొంబాయిలో, తన భార్యతో సంబంధము పెట్టుకొనిన వ్యక్తిని తుపాకితో కాల్చి చంపెను. పత్రికలు ఈ వార్తను నెలల తరబడి మోసినవి. జనుల సానుభూతి నిందితునివైపు పొంగెను. జూరీ సభ్యులు తొమ్మిదిమందిలో ఎనిమిదిమంది నిర్దోషి యనిరి. సెషన్సు జడ్జి ఆ నిర్ణయము సాక్ష్యమునకు నిలువదని భావించి, దానిని ఆమోదింపక హైకోర్టునకు నివేదించెను. చప్పట్లు కొట్టుచుండిన నగరము నడుమ కూర్చుండి ఒక విచారణ న్యాయమూర్తి చేసిన ఈ పని సామాన్యమైనది కాదు. హైకోర్టు నిందితునికి యావజ్జీవశిక్ష విధించెను. 1961 నవంబరు 24వ తేదీన సుప్రీంకోర్టు దానిని ఖాయపరచెను; తీర్పు వ్రాసినది సుబ్బారావుగారు.

ఆ తీర్పులో ఆయన రెండు విషయములను తేటపరచిరి. మొదటిది, జూరీకి చట్టమును బోధించుటలో న్యాయాధిపతి పొరపడినచో ఆ నిర్ణయమునకు పవిత్రత యుండదనుట. రెండవది, ఆకస్మికమైన తీవ్రప్రేరణ అనగానేమో వివరించుట. భార్య నోట ఆ మాట విన్న క్షణమున మనిషి వివశుడగుట సహజమే. కాని నిందితుడు భార్యను, బిడ్డలను సినిమాకు దిగవిడిచి, ఓడకు పోయి, తుపాకి తీసికొని, మృతుని కార్యాలయమునకును, పిదప ఇంటికిని పోయెను. ఈ నడుమ సుమారు మూడుగంటల కాలము గడచెను. వివేకము తిరిగి వచ్చుటకు అంత వ్యవధి చాలును. నిందితుని హోదాగాని, జనుల జాలిగాని లెక్కలోనికి రాలేదు. భారతదేశమున జూరీ పద్ధతి అప్పటికే సన్నగిల్లుచుండెను. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడులో దానికి చోటే లేకపోయెను.

నానావతి వంటి పేరుగలవాని విషయమునందు చట్టమును సడలింపని ఆ కలమే, పేరులేనివాని విషయమునందు దేశపు పోలీసు వ్యవస్థనే నిలదీసెను. ఉత్తరప్రదేశ్‌కు చెందిన ఖరక్ సింగ్ అనువాడు 1941లో ఒక దోపిడి నేరమున పట్టుబడి, సాక్ష్యము లేనందున విడుదలయ్యెను. అయినను పోలీసులు వానిపేర హిస్టరీ షీటు తెరచిరి. రాత్రివేళ తలుపు తట్టుట, నిద్రలేపి ఇంట నున్నాడో లేడో చూచుట, ఊరు విడిచిన ఎచటికి పోవుచున్నాడో ఆరా తీయుట, కదలికలన్నిటిని వ్రాసికొనుట — ఇది ఏండ్ల తరబడి సాగెను. 1962 డిసెంబరు 18వ తేదీన తీర్పు వచ్చెను. రాత్రివేళ ఇంటికి వచ్చుట రాజ్యాంగ విరుద్ధమని అందరును అంగీకరించిరి. తక్కిన నిఘా యంతయు సక్రమమే యనియు, ఏకాంతపు హక్కు మన రాజ్యాంగమున చెప్పబడిన హక్కు కాదనియు అధికసంఖ్యాకులు తీర్మానించిరి.

సుబ్బారావుగారు, న్యాయమూర్తి షాగారు వారితో విభేదించిరి. కాలికి సంకెల వేయకపోయినను, వెంట నీడవలె ఒకడు నడచుచున్నాడని ఎరిగిన మనిషి స్వేచ్ఛగా నడచుచున్నాడనవచ్చునా అని సుబ్బారావుగారి వాదము. ఆతని మాట, స్నేహము, ఆలోచన సమస్తమును ఆ నీడక్రింద ముడుచుకొనును. వ్యక్తిస్వాతంత్ర్యమనగా శరీరమును బంధింపకుండుట మాత్రమే కాదు. ఇతరుల చొరబాటు లేక తన ఇంట తాను ఉండగలుగుటయు అందు భాగమే. రాజ్యాంగమునందు ఏకాంతము అను మాట వేరుగా లేకపోయినను, అది వ్యక్తిస్వాతంత్ర్యమునకు ప్రాణము వంటిదని ఆయన అభిప్రాయపడిరి. ప్రాథమిక హక్కులు గోడలు కట్టుకొనిన వేర్వేరు గదులు కావు, ఒకదానిలోనికి మరియొకటి ప్రవహించునవి అను సూత్రమును కూడ ఆ భిన్నాభిప్రాయము ప్రతిపాదించెను. 1970లో బ్యాంకుల జాతీయీకరణ వ్యాజ్యమునందును, 1978లో మేనకాగాంధీ వ్యాజ్యమునందును సుప్రీంకోర్టు ఈ సూత్రమునే అంగీకరించెను. 2017 ఆగస్టు 24వ తేదీన తొమ్మండుగురు న్యాయమూర్తుల పీఠము ఏకగ్రీవముగా ఏకాంతపు హక్కును ప్రాథమిక హక్కుగా ప్రకటించుచు, ఖరక్ సింగ్ వ్యాజ్యమున అల్పసంఖ్యాకులు చెప్పినదే సరియైనదని ఒప్పుకొనెను. ఏబదినాలుగేండ్లకు పైబడిన నిరీక్షణమది.

సుబ్బారావుగారు ధనికుల హక్కుల పక్షపాతి యని తలచువారు 1963 నాటి దేవదాసన్ వ్యాజ్యమును చదువవలెను. షెడ్యూల్డు కులములకు, తెగలకు ప్రత్యేకించిన ఉద్యోగములు ఒక సంవత్సరము నిండనిచో వానిని మరుసటి సంవత్సరములకు చేర్చు నియమమును అధికసంఖ్యాకులు సమానత్వమునకు భంగకరమని కొట్టివేసిరి. సుబ్బారావుగారొక్కరే విభేదించిరి. పందెపు గుఱ్ఱమును, సామాన్యపు గుఱ్ఱమును ఒకే గీతకడ నిలిపి పరుగెత్తుమనిన చూచుటకు సమానావకాశమే గాని నిజమునకు అది సమానము కాదని ఆయన ఉపమానము చెప్పిరి. వెనుకబడినవారికి చేయు ఏర్పాటు సమానావకాశ సూత్రమునకు మినహాయింపు కాదు. ఆ సూత్రమును నిజము చేయు మార్గమే. 1975లో ఎన్.ఎం. థామస్ వ్యాజ్యమున ఈ భావమునకు న్యాయస్థానమున స్థానము లభించెను. తన ఓడిన మాట గెలుచుటను ఆయన కన్నులార చూడగలిగిన సందర్భములలో ఇదియొకటి. 1992లో మండల్ వ్యాజ్యపు తీర్పు దానిని స్థిరపరచెను.

ఇక ఆస్తిహక్కు. ఇచటనే ఆయనపై విమర్శ తీవ్రముగా వచ్చెను, నేటికిని వచ్చుచున్నది. 1964లో వజ్రవేలు మొదలియారు వ్యాజ్యమున, గృహనిర్మాణ పథకమునకు భూమి తీసికొనునపుడు గడచిన అయిదేండ్ల సగటు ధరను పరిగణించి తక్కువ పరిహారమిచ్చు మదరాసు చట్టమును ఆయన వ్రాసిన తీర్పు కొట్టివేసెను. ఒకే నేలను ఇండ్లకొరకు తీసికొనిన ఒక ధర, మరియొక ప్రజాప్రయోజనమునకు తీసికొనిన వేరొక ధర యగుట సమానత్వమునకు విరుద్ధమని నిర్ణయించెను. పరిహారమనగా పోయిన దానికి సరితూగునది యని కూడ ఆయన వ్రాసిరి. ఈ మాటను రెండువైపుల నుండి చూడవలసియున్నది. వేలకొలది ఎకరముల భూస్వామికి ఈ సూత్రము కవచము కాగలదు. భిలాయి కర్మాగారమునకు, కాలనీలకు పొలములు వదలుకొనిన పల్లె రైతువంటి వానికి కూడ ఇదే కవచము. చట్టమునకు ఇరువురి ముఖములు ఒక్కటియే. సంస్కరణను కోరు ప్రభుత్వమునకు ఈ ఇబ్బంది నిజమైనది. దానిని సుబ్బారావుగారు తగినంతగా గుర్తింపలేదను విమర్శలో సత్యము లేకపోలేదు.

ఈ వివాదము 1967 ఫిబ్రవరి 27వ తేదీన శిఖరమునకు చేరెను. అంతకు ఎనిమిది నెలల ముందు, 1966 జూన్ 30న, ఆయన భారతదేశ ప్రధాన న్యాయమూర్తియైరి. ఆ పీఠము నధిష్ఠించిన తొలి తెలుగువారు ఆయనయే. పంజాబునకు చెందిన గోలక్‌నాథ్ కుటుంబమునకు అయిదువందల ఎకరములకు పైబడిన భూమి కలదు. భూపరిమితి చట్టము అందు చాలభాగమును మిగులుభూమిగా ప్రకటించెను. ఆ చట్టమును కాపాడిన రాజ్యాంగ సవరణములే చెల్లవని వారు వాదించిరి. పదునొకండుగురు న్యాయమూర్తులు విచారించి, ఆరుగురు ఒకవైపు, అయిదుగురు మరియొకవైపు నిలిచిరి. ప్రాథమిక హక్కులను హరించునట్లు గాని, కుదించునట్లు గాని రాజ్యాంగమును సవరించు అధికారము పార్లమెంటునకు లేదని సుబ్బారావుగారి తీర్పు. కాని అప్పటివరకు జరిగిన సవరణములను కొట్టివేసిన దేశమంతట భూసంస్కరణలు కుప్పకూలును. కావున ఈ సూత్రము ఇకమీదటికే వర్తించును, గతమునకు వర్తింపదని ఆయన నిర్ణయించిరి. అమెరికా న్యాయశాస్త్రమున పెరిగిన ఈ పద్ధతి భారతదేశమునకు వచ్చుట అదియే మొదలు. ఫలితము విచిత్రము: హక్కు గెలిచెను, ఆ హక్కును కోరివచ్చిన కుటుంబము ఓడెను.

ఆ తీర్పు అట్లే నిలువలేదు. 1971లో 24వ సవరణము దానిని త్రోసిపుచ్చెను. 1973 ఏప్రిల్ 24వ తేదీన కేశవానంద భారతి వ్యాజ్యమున పదుముగ్గురు న్యాయమూర్తుల పీఠము గోలక్‌నాథ్ తీర్పును రద్దుచేసెను. ఏ భాగమునైనను సవరింపవచ్చును, కాని రాజ్యాంగపు మౌలిక స్వరూపమును ధ్వంసము చేయరాదని ఏడుగురు ఒకవైపు, ఆరుగురు మరియొకవైపు తేల్చిరి. 1978 నాటి 44వ సవరణము ఆస్తిహక్కును ప్రాథమిక హక్కుల పట్టికనుండియే తొలగించెను. సుబ్బారావుగారి సమాధానము చెల్లలేదు, నిజమే. కాని పార్లమెంటు అధికారమునకు ఒక హద్దు కలదా అను ప్రశ్నను దేశము ముంగిట నిలిపినది ఆయన తీర్పు. ఆ ప్రశ్న లేనిదే కేశవానంద సమాధానము పుట్టియుండదు.

ఆయన న్యాయపీఠజీవితపు తుది ఘట్టము అందరును మెచ్చినది కాదు. 1967 ఏప్రిల్ 10వ తేదీన సత్వంత్ సింగ్ వ్యాజ్యమున, విదేశయానపు హక్కు వ్యక్తిస్వాతంత్ర్యమున భాగమనియు, చట్టము లేకుండ అధికారి ఇచ్ఛవచ్చినట్లు పాస్‌పోర్టును నిరాకరించుటకు వీలులేదనియు ముగ్గురితో కూడిన అధికసంఖ్యాకుల తీర్పును ఆయన వెలువరించిరి. ఆ తీర్పు కారణముగనే ఆ సంవత్సరము పాస్‌పోర్టు చట్టము వచ్చెను. మరునాడే, ఏప్రిల్ 11న, ఆయన పదవికి రాజీనామా ఇచ్చి ప్రతిపక్షముల అభ్యర్థిగా రాష్ట్రపతి ఎన్నికకు నిలిచిరి. మే మాసమున జరిగిన ఎన్నికలో డాక్టరు జాకిర్ హుస్సేనుగారికి 4,71,244 ఓట్ల విలువయు, సుబ్బారావుగారికి 3,63,971 ఓట్ల విలువయు వచ్చినవి. అంతకుముందు ఏ రాష్ట్రపతి ఎన్నికయు ఇంత గట్టిపోటీ చూచియుండలేదు.

న్యాయపీఠమునుండి దిగి నేరుగా ఎన్నికల బరిలో అడుగిడుట తగునా? ఆయన ప్రభుత్వమునకు విరుద్ధముగా వ్రాసిన తీర్పులను ఈ వెలుగులో మరల చదువుటకు విమర్శకులకు అవకాశము చిక్కెను. గోలక్‌నాథ్ తీర్పునకును పోటీకిని నడుమ రెండు నెలలు కూడ లేవు. రాష్ట్రపతి పదవి పార్టీలకు అతీతమైనదని అభిమానులు సమాధానము చెప్పిరి. కాని న్యాయమూర్తి నిష్పక్షపాతి యగుట చాలదు, అట్లు కనిపింపవలెనుగూడ అను సూత్రమును ఇతరులకు వర్తింపజేసినది ఆయనయే. కృష్ణాజిల్లా బస్సుల వ్యాజ్యమున ఒక కార్యదర్శిని కొలిచిన కొలబద్దతో ఆయనను కొలుచుట అన్యాయము కాదు. ఆ కొలబద్దకు ఆయన తుది అడుగు సరిగా తూగదు. అయినను అంతకుముందు పదునెనిమిదేండ్లకు మించి ఆయన వ్రాసిన తీర్పులు ఒక్క దినపు నిర్ణయముచే కరగిపోవు. 1958లో ధమ్తరీ విషయమున చెప్పినదే 1967లోను చెప్పిన న్యాయమూర్తి పదవికొరకు వ్రాసెననుట నిలువదు.

సుబ్బారావుగారు 1976 మే 6వ తేదీన కాలధర్మము చెందిరి. అప్పటికి దేశమున అత్యవసర పరిస్థితి అమలులో నుండెను. సరిగా ఎనిమిది దినముల క్రితము, ఏప్రిల్ 28న, సుప్రీంకోర్టు జబల్పూరు వ్యాజ్యమున తీర్పు చెప్పియుండెను. భిలాయి ప్రాంతము కూడ తన పరిధిలోనుండిన మధ్యప్రదేశ్ హైకోర్టుతో సహా తొమ్మిది హైకోర్టులు నిర్బంధితులకు న్యాయస్థానపు తలుపు తట్టు హక్కు కలదని చెప్పియుండగా, నలుగురు న్యాయమూర్తులు ఆ హక్కు లేదని త్రోసిపుచ్చిరి. హెచ్.ఆర్. ఖన్నాగారొక్కరే భిన్నాభిప్రాయము వ్రాసిరి. 1978 నాటి 44వ సవరణము ప్రాణమునకు, వ్యక్తిస్వాతంత్ర్యమునకు సంబంధించిన రక్షణలను అత్యవసర పరిస్థితిలో సైతము నిలుపుదల చేయరాదని శాసించెను. 2017లో ఏ తీర్పు సుబ్బారావుగారి ఖరక్ సింగ్ అభిప్రాయమును తలకెత్తుకొనెనో, ఆ తీర్పే జబల్పూరు తీర్పును రద్దుచేసి ఖన్నాగారి అభిప్రాయమును నిలబెట్టెను. భిన్నాభిప్రాయము వ్రాసిన ఇరువురు న్యాయమూర్తులు ఒకే తీర్పునందు చేరుకొనిరి.

రాత్రి డ్యూటీ ముగించుకొని రుఆబాంధాలోని తన యింటికి చేరిన కార్మికుడు తలుపు వేసికొని నిద్రించును. ఆ తలుపును కారణము లేక ఎవ్వరును తట్టరాదనియు, తన పేరు వ్రాసిన కాగితముపై సంతకము చేయుటకు ముందు అధికారి తన మాట వినవలెననియు, వెనుకనుండి బయలుదేరిన తన బిడ్డకు పరుగున కొంత ముందుచోటు న్యాయమనియు ఆతడు నమ్ముచున్నాడు. ఈ నమ్మకములలో కొన్ని ఒకప్పుడు న్యాయస్థానమున ఓడిపోయిన వాక్యములే. వానిని ఓడినప్పుడు కూడ వ్రాసియుంచిన వారిలో రాజమహేంద్రవరమున పుట్టి, బాపట్ల మునసబు కోర్టున కొన్నినెలలు కూర్చుండిన ఒక తెలుగువాడు కలడు.